అత్తగారి పేచీ

"ప్రభుత్వం తరఫువాళ్లు దిగొచ్చారు. ఇక్కడే ప్రైవేటు ఆసుపత్రిలో మీకు ఉచితంగా డయాలసిస్ చేయిస్తారట. కేసు వెనక్కి తీసుకుందామా?" కోర్టు వరండాలో లాయరమ్మ హుషారుగా అడిగింది.

"మిగతావాళ్లకో?" అంది అత్తగారు.

"కేసు వేసింది మీరొక్కరేగా."

"నాతోపాటు బస్సులో పడి పక్క ఊరికి వెళ్లేవాళ్లు ఇంకా ఆరుగురున్నారమ్మా. మన ప్రభుత్వాసుపత్రికి మిషన్లు తెచ్చి, గదికి తాళం వేశారు. ఆ గది తెరవమనే నేనడిగింది."

కోడలికి ఒళ్లు మండింది. పదేళ్లుగా ఇదే వరస. కూరగాయలవాడితో పేచీ, పక్కింటావిడతో పేచీ, ఇంట్లో తనతో పేచీ.

"ఇచ్చింది పుచ్చుకోండత్తయ్యా. మీ ఒంట్లో ఓపిక లేదు."

"ఒంట్లో లేకపోతేనేం, నోట్లో ఉందిగా. ఆ ఆరుగురిలో ఒకావిడ తిరిగొచ్చేటప్పుడు నా భుజం మీదే నిద్రపోతుంది. రేపు నేను బస్సెక్కకపోతే ఆవిడ తల ఎక్కడ పెట్టుకుంటుంది?"

కోడలు అత్తగారి భుజం మీంచి జారిన శాలువా సర్ది, లాయరమ్మ వైపు తిరిగింది.

"వెనక్కి తీసుకునేది లేదండీ."

వాదనలు విన్న జడ్జిగారు పదిహేను రోజుల్లో ఆ గది తెరిచి తీరాలన్నారు.

లాయరమ్మ ముఖం వెలిగిపోయింది. కోడలు మాత్రం అత్తగారిని మోచేత్తో పొడిచి, మెల్లగా అంది.

"మరీ పదిహేను రోజులా? అడగండత్తయ్యా."