ఊపిరి పెట్టెకు బొట్టు

హైమావతి భర్త కోదండం ఊపిరి ఇప్పుడు మంచం పక్కనున్న పెట్టె చేతిలో ఉంది. అదే గాలి పీల్పిస్తుంది, అదే వదిలిస్తుంది. అందులో నడిచే సాఫ్ట్‌వేర్ పెద్ద కంపెనీది. పెట్టె మాత్రం తెనాలి మెకానిక్ మస్తాన్ పాత సామానుతో చేసింది. కంపెనీ పెట్టె కొనే తాహతు ఆ వీధిలో ఎవరికీ లేదు.

"కంపెనీ పెట్టెలోనే ఉన్నానని నమ్మితేనే ఆ సాఫ్ట్‌వేర్ పనిచేసిద్దక్కా. దానికన్నీ వినపడతయ్. దాని ముందు నా పేరెత్తొద్దు" అని బిగించిన రోజే చెప్పాడు మస్తాన్. అప్పట్నుంచి ఇంట్లో అందరూ దాన్ని "కంపెనీవాళ్ల పెట్టె" అనే అంటున్నారు.

ఆయుధ పూజనాడు హైమావతి పెట్టెను తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. హారతి కళ్లకద్దుకుంటుంటే, భోజనానికి పిలిచిన మస్తాన్ గుమ్మంలో కనిపించాడు. ఆమెకు మనసు ఆగలేదు.

"నీ కడుపు చల్లగుండ మస్తానూ! నువ్వీ పెట్టె చేసియ్యకపోతే మీ బావగారు ఏమైపోయేవారో!"

మస్తాన్ వద్దన్నట్టు చెయ్యెత్తాడు కానీ, అప్పటికే మాట జారిపోయింది.

ఇన్నాళ్లూ నోరు విప్పని పెట్టె మెత్తగా, మర్యాదగా అడిగింది.

"అమ్మా, నేనున్న పెట్టె ఎవరు చేశారు?"

"కంపెనీవాళ్లే నాయనా, కంపెనీవాళ్లే!" అంది హైమావతి.

"మరి మస్తాన్ ఎవరమ్మా?"

కోదండం ఛాతీ పైకి లేచి అలాగే నిలిచిపోయింది. జవాబు వినేదాకా దాన్ని కిందికి దించే తొందరేమీ పెట్టెకు లేదు.