పిడికెడు బియ్యం

“దేవుని బియ్యం ఏవమ్మా?”

సంఘపెద్ద దేవ్‌సింగ్ అడిగిన తీరుకు తండా చర్చిలో పాట సగంలోనే ఆగిపోయింది. జమున చేతిలో ఖాళీ సంచి ఉంది. ఆ తండాలో క్రైస్తవుల ఇళ్లు పన్నెండు. ఎసరు పెట్టిన ప్రతిసారీ ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు బియ్యం దేవుని పేరున విడిగా డబ్బాలో వేస్తుంది. శనివారం జమున ఇల్లిల్లూ తిరిగి వాటిని సంచిలోకి ఎత్తుకుంటుంది, ఆదివారం చర్చిలో పెడుతుంది. నాలుగేళ్లలో ఒక్క వారమైనా తప్పలేదు.

“ఫూల్‌సింగ్ ఇంట్ల ఇచ్చిన పెద్దయ్యా,” అంది జమున.

ఆడవాళ్లలో గుసగుస లేచింది. లేవదా మరి! పోయిన ఏడు చర్చి మైకు ఎత్తుకెళ్లి బావిలో పడేసినవాడు ఫూల్‌సింగ్. అడ్డుపడిన దేవ్‌సింగ్ నుదురు కర్రతో పగలగొట్టినవాడూ అతనే. కోదాడలో ఆరు కుట్లు పడ్డాయి. అలాంటివాడు ఇప్పుడు మేళ్లచెరువులో సిమెంటు బస్తాల లారీ మీంచి పడి, నడుము దగ్గర్నుంచి పాదం దాకా కట్టుతో మంచాన ఉన్నాడు.

“మైకు బాయిల ఏసినోనికి దేవుని బియ్యమా?” అంటూ లేచింది కరుణ. ఆమె జమున పక్కింటిది. కాలి కన్నా నోరు ముందు నడుస్తుంది.

“పగోడైనా సరే, ఆకలైతే బువ్వ పెట్టుమని అయ్యగారు ఎన్నిసార్లు సెప్పలే అక్కా? ఆమెన్ అనుకుంట ఇంటికి పోవుడేనా మన విశ్వాసం?”

కోదాడ నుంచి బండి మీద వచ్చే పాస్టరయ్య ఏదో అనబోయి దేవ్‌సింగ్ మొహం చూశాడు. ఆ చర్చిలో ముసలాయన మాటకు తిరుగు లేదు.

“పెట్టు. ఎవరు వద్దన్నరు?” అన్నాడు దేవ్‌సింగ్. “గని నీ ఇంట్లయి పెట్టు. పన్నెండు ఇండ్లోళ్లు దేవునికని తీసినయి ఎత్తి పంచితే నీకేం బరువైంది? వచ్చే వారం సంది సంచి మన నీలా పట్టుకుంటది.”

జమున మొహం మండిపోయింది. నాలుగేళ్ల సేవ ఒక్క మాటతో ఊడింది. ముసలాయనకు నుదుటి మీది కుట్లు ఇంకా సలుపుతున్నాయి కాబోలు, సాకు మాత్రం దేవుడి బియ్యం మీద పెట్టాడు అనుకుంది. ఏడుపు రాలేదు, పంతం వచ్చింది.

“సంచి తీస్కోండ్రి. ఫూల్‌సింగ్ కాలు కింద మోపేదాక ఆ ఇంట్ల పొయ్యి మాత్రం ఆరనియ్య. నా ఇంట్లయే పెడత,” అని ఖాళీ సంచి ఆడవాళ్లలో కూర్చున్న నీలా ఒడిలో వేసింది.

అనడం తేలికే. ఇంటికొచ్చి చూస్తే డ్రమ్ము అడుగున మూడు కిలోలుంటాయేమో. రేషన్ ఇచ్చేది ఇంకో వారానికి. మిర్యాలగూడ రైసుమిల్లులో పనికి పోయిన పెనిమిటి కిష్ట్యా శనివారం గాని రాడు. సోమవారం పొద్దున్నే లేచి సగం బియ్యం కొలిచింది. సగం విశ్వాసమేమిటని తనను తానే తిట్టుకుని మొత్తం ఇంకో సంచిలోకి వంపేసింది. జొన్నపిండి ఉంది, వారం రోజులు గటక తాగితే ప్రాణం పోదు.

కలుపుకు బయలుదేరిన కరుణ వీధి చివర ఎదురుపడింది.

“ఇగ మారవా నువ్వు?”

“మారిన గదా, అందుకే పోతున్న.”

చర్చి నిండా విశ్వాసులే, పనికి వచ్చేసరికి నేనొక్కదాన్నే అని దారి పొడుగునా జమునకు కోపం. నిజం చెప్పాలంటే ఆ కోపంలో కొంచెం సంతోషం కూడా ఉంది.

ఫూల్‌సింగ్ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. అతని భార్య ద్వాళి బయటే నిలబడి ఉంది. జమునను చూసి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“ఇప్పుడు లోపలికి రాకక్కా.”

“మేమంటే మీ ఇంటాయనకు పడదని ఎరుకే. తిట్టనియ్యి, కర్ర తియ్యనియ్యి. ఈ బియ్యం నీ పొయ్యి మీదికి ఎక్కేదాక నేను కదల,” అని జమున అరుగు మీద చతికిలపడి సంచి ఒడిలో పెట్టుకుంది.

“గది కాదక్కా. ఆయన లేవలేడు గద, అన్నీ మంచంలనే. ఇప్పుడు కడుగుతున్నరు. ఎవలన్న సూస్తే సిగ్గుతోని సస్తడు.”

“నువ్వు ఈడనే ఉంటివి, కడిగేదెవరు? మీ మరుదులు వచ్చిన్రా?”

“మావోళ్లు దవాఖాన నుంచి తెచ్చి మంచంల పండబెట్టి పోయిన్రు. మళ్ల తొంగి సూడలే.” ద్వాళి కళ్లు తుడుచుకుంది. “పది దినాల సంది ఒక్కాయన్నే వస్తున్నడక్కా, రోజు పొద్దుగాల. బియ్యం, కూర అన్నీ ఆయన ఇంటికెల్లే తెస్తడు. నేను ఎత్తాలంటే బరువు ఆపలేనని నన్ను బయటకు పంపి, తానే తిప్పి కడుగుతడు. ఎవ్వలకు సెప్పొద్దన్నడు.”

“ఎవరే ఆయన?”

ద్వాళి జవాబు చెప్పేలోపే తలుపు తెరుచుకుంది. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, ఒక చేతిలో బెడ్‌ప్యాన్‌తో, మరో చేతిలో తడిగుడ్డలతో బయటికి వచ్చిన దేవ్‌సింగ్, ఆమె ఒడిలోని బియ్యం వైపు ఒకసారి చూసి అన్నాడు:

“వచ్చినవా బిడ్డా? అవి ద్వాళికిచ్చి, జర బిందెడు నీళ్లు పట్టుకరా.”