మార్షల్ పట్టు

ఎత్తేటప్పుడు చంకల్లో చేతులు పెట్టకూడదు. చక్కిలిగిలి పుడితే సభ్యుడు కాళ్లు విసురుతాడు. మోచేతుల పైన పట్టుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద మార్షల్ నేర్పిన మొదటి పాఠం అది.

దిగువ సభలో ఎవరైనా గొడవ చేస్తే, అధ్యక్షుడు "బయటికి పంపండి" అనగానే ఎత్తుకెళ్లి తలుపు అవతల దించి రావడమే మార్షల్ పని. ఈ సభ ఎన్నికైనప్పటి నుంచీ మోస్తూనే ఉన్నాడు. సభ గడువు ఇంకా తీరలేదు గానీ, అతని నడుం మాత్రం ఎప్పుడో పడిపోయింది.

మొదట్లో ఆ హాల్లో అడుగుపెట్టాలంటే ఒళ్లు దగ్గర పెట్టుకునేవాడు. ఇప్పుడు వాళ్ల మొహాలు చూస్తే తల తిప్పుకుంటాడు. ఒకాయన పట్టుకోగానే ఒళ్లంతా వదిలేసి బస్తాలా వేలాడతాడు. ఇంకొకాయన కెమెరా ఎటుందో చూసుకుని, కాస్త ఇటు తిప్పవయ్యా అంటాడు. మరొకాయన క్యాంటీన్‌లో మెక్కిందంతా అతని మొహం మీదే తేన్చాడు. తలుపు దాటగానే చొక్కా సర్దుకుంటారు. లోపల ఏ మంత్రిని దొంగ అని తిట్టారో ఆ మంత్రి పక్కనే కూర్చుని పళ్లు కుట్టుకుంటారు. ఛీ, వీళ్లకా ఓట్లేసింది అనుకుంటాడు. ఇంటికెళ్లి మోచేతుల దాకా సబ్బు రాసుకుంటుంటే, ఇవాళ కూడా శవాలు మోసొచ్చారా అని భార్య ఎగతాళి చేస్తుంది.

ఒక్కడే వేరు. కొండ ప్రాంతం నుంచి గెలిచిన స్వతంత్ర సభ్యుడు. అందరూ పులి అంటారు. టిఫిన్ డబ్బా తనే తెచ్చుకుని ఓ మూల కూర్చుని తింటాడు. కెమెరా వైపు కన్నెత్తి చూడడు. కొండని గనుల కంపెనీకి ఇచ్చే మాట వస్తే చాలు, శివాలెత్తిపోతాడు. కొండ కొలతల బిల్లు వచ్చినప్పుడు కాగితాలు చింపి గాల్లోకి విసిరాడు. కొండకి రోడ్డు బిల్లు వచ్చినప్పుడు అధ్యక్షుడి బల్ల ఎక్కాడు. రెండుసార్లూ ఓటింగుకి ముందే గెంటించేశారు. ఈయన ఓటంటే వాళ్లకి హడల్ అని మార్షల్ నమ్మకం. అన్నేళ్లలో అంతమందిని మోస్తే, దించాక "చెయ్యి బెణికిందా తమ్ముడూ" అని అడిగినవాడు ఆయనొక్కడే.

మార్షల్ అక్క ఉండేది ఆ కొండ కిందే. అమ్మానాన్నా పోయాక కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది ఆ ఇంట్లోనే. ఇవాళ సభలో పెట్టబోయేది ఆఖరి బిల్లు. అది గట్టెక్కితే కొండ కంపెనీదవుతుంది, కింద ఇళ్లన్నీ ఖాళీ చెయ్యాలి. పులిని పక్కన పెడితే సభలో అటూ ఇటూ బలం సమానం. పులి ఓటు బిల్లుకి వ్యతిరేకంగా పడిందా, బిల్లు పోయినట్టే. పడలేదా, అధ్యక్షుడు తన ఓటు వేసి గట్టెక్కించేస్తాడు.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"మన తలుపు మీద రంగుతో గుర్తేసి పోయార్రా. పులి లోపలుంటే చాలంట కదా. నువ్వక్కడే ఉంటావుగా, కాస్త చూడు."

సరేనన్నాడు. తను చూడగలిగేదేమిటో అతనికే తెలీదు.

సభ నియమం ఒకటుంది. గెంటేసిన సభ్యుడు గడప దాటితే ఆ రోజుకి ఇక లోపలికి రాకూడదు, ఓటూ లేదు. దాటనంత వరకూ సభ్యుడు సభ్యుడే. ఓటింగు గంట ఆగి తలుపులు మూశాక, లోపల మిగిలినవాణ్ణి అధ్యక్షుడైనా కదిలించలేడు, వాడు అటో ఇటో ఓటెయ్యకా తప్పదు.

మధ్యాహ్నం గంట మొదలైంది. వెనక బెంచీలో గురకపెడుతున్న సభ్యుడు ఉలిక్కిపడి లేచి, ఏ మీట నొక్కాలని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే ఏదో చెప్పాడు. అక్క ఇల్లు ఉండాలో ఊడాలో తేల్చేది ఈ వెధవలా అనుకున్నాడు మార్షల్.

అంతలో పులి బల్ల మీదికి దూకాడు. మైకు పీకి విసిరేశాడు. "నా కొండ జోలికొస్తే ఊరుకోను" అని గొంతు చించుకున్నాడు. అధ్యక్షుడు కళ్లజోడు తుడుచుకుంటూ, బయటికి పంపండి అన్నాడు.

మార్షల్ పులి చేతులు పట్టుకున్నాడు, అతనికి జోడీగా ఉండే ఇంకో మార్షల్ కాళ్లు పట్టుకున్నాడు. పులి గింజుకుంటుంటే ముందు వరసవాళ్లు ఇకిలిస్తున్నారు. ఒకాయన ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నాడు. గడప దగ్గరికొచ్చేసరికి జోడీ మార్షల్ కాళ్లు వదిలి తలుపు రెండో రెక్క తెరవడానికి వెళ్లాడు. పులి పాదాలు నేలకి ఆనాయి, ఇంకా గడపకి లోపలే.

ఇప్పుడు వదిలేస్తే సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది. పిల్లల బడి, ఇంటి అద్దె, భార్య మొహం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి మార్షల్‌కి. భయం వేసింది. అయినా పోతే పోనీ అనుకున్నాడు. ఇంతకాలం చెత్త మోశాను, ఒక్క మంచి మనిషిని దించి చూద్దాం అనుకున్నాడు. వేళ్లు సడలించాడు. రెండు చేతులూ వదిలేశాడు.

"వెళ్లండి సార్," అన్నాడు మెల్లగా. "గంట ఆగిపోతోంది. వెళ్లి ఓటెయ్యండి."

పులి అరుపు ఠక్కున ఆగిపోయింది. లోపలికి ఓసారి, బయటికి ఓసారి చూశాడు. ఆ మొహంలో భయాన్ని మార్షల్ ఎప్పుడూ చూడలేదు.

మార్షల్ చేతులు దొరకబుచ్చుకుని, చెవి దగ్గరికి వంగి పులి అన్నాడు: "వదిలేస్తావేంటయ్యా, గట్టిగా లాగు, లోపలుంటే ఓటెయ్యాల్సొస్తుంది."