నవ్వుకి దగ్గరదారి

పప్పుకి తాలింపు పెట్టి, హైమ మూడు కంచాలు వేసింది. మూడో కంచం చూసి దిలీప్ తల దించుకున్నాడు.

"ఏవండీ, బిట్టుగాడు ఇంకా రాలేదేంటి? ట్యూషన్ ఎప్పుడో అయిపోయుంటదిగా!"

మనుషుల జ్ఞాపకాలన్నీ తలలోని చిప్‌లో ఫోల్డర్లుగా సర్దుకున్న రోజులవి. కొడుకుని తలుచుకుందామని లోపలికి వెళ్తే ముందు శ్మశానం ఎదురయ్యేది, దాని వెనక ఆస్పత్రి, ఆ వెనకెక్కడో వాడి నవ్వు. ఆ దారిన నడవలేక హైమ షార్ట్‌కట్ పెట్టుకుంది. మనసులో 'బిట్టు' అనుకుంటే చాలు, సరాసరి నవ్వు దగ్గరే తేలేది. తెరవని ఫోల్డర్లను చిప్పు నెలనెలా ఊడ్చేస్తుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. శ్మశానం పోయింది, ఆస్పత్రి పోయింది. నవ్వొక్కటే మిగిలింది.

మొదట్లో దిలీప్ నిజం చెప్పేవాడు. ఆమె అప్పుడే కబురందినట్టు గుండెలు బాదుకునేది. ఆ ఏడుపునీ మళ్లీ తెరిచేది కాదు కనుక, నెల తిరిగేసరికి అదీ ఊడ్చుకుపోయేది. చెప్పడం మానేశాడు. వాడు లేడని ఇంట్లో ఒక్కరికైనా గుర్తుండాలని మాత్రం తను రోజూ ఆ దారినే నడిచేవాడు.

ఇవాళ కళ్లు మూసుకున్నాడు గానీ అడుగు పడలేదు. మనసులో 'బిట్టు' అని తనూ షార్ట్‌కట్ పెట్టుకున్నాడు. నవ్వు వినిపించింది. ఎన్నాళ్లకో కడుపునిండా అన్నం తిన్నాడు.

నెల దాటాక ఒక సాయంత్రం, మూడో కంచంలో అన్నం చల్లారిపోతుంటే దిలీప్ విసుగ్గా చెప్పులేసుకున్నాడు.

"నువ్వు తినెయ్యవే. వాడి చెవి పట్టుకుని నేను లాక్కొస్తా."