మంచి దినం

"గెల్చినాము నాయనా," అంటూ దేవసేన హైకోర్టు తీర్పును మగ్గం పక్కన పెట్టింది. "మన చీరల అంగడి మీద టాక్స్ ఆఫీసరు వేసిన ఆర్డరు కొట్టేసినారు. నోటీసు సంగతి నీకు తెలీనే తెలీదని జడ్జి నమ్మినారు. మళ్ళీ అదే ఆఫీసరు ముందరికి పోయి నీ మాట చెప్పుకోమన్నారు."

సుదర్శనం దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెను ఆపలేదు.

"నోటీసు చూసినా పాపా."

"ఎప్పుడు?"

"వచ్చిన పొద్దే. తిరువళ్ళూరు ఆఫీసుకు రమ్మన్న దినం అమావాస్య. అరవోళ్ళకు అది మంచి దినం, మనకు కాదు గదా. మనమెట్ల గడప దాటేది?"

దేవసేన తీర్పును మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నాయనకు నోటీసు అందలేదని లాయరుకు చెప్పింది తనే. కేసంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నవ్వుతావని."

ఆమె తీర్పులో ఇచ్చిన కొత్త తేదీ చూసింది. గోడకున్న క్యాలెండరులో ఆ తేదీ ఉన్న కాగితం దాకా తిప్పి, అక్కడే ఆగిపోయింది.

"నాయనా, ఈ తూరీ అమావాస్యే."

మగ్గం చప్పుడు ఆగింది. సుదర్శనం కూతురి వైపు తిరిగాడు.

"అయితే ఈ తూరి లాయరుకు ఏం చెప్తావు పాపా?" అన్నాడు.