కొత్త క్రాసు

హిందూపురం దాటి కారు వేగం అందుకోగానే సీటు కింద వణుకు మొదలైంది.

బాడుగ కారు గంగాధర తనకేమీ తెలియనట్టే నడుపుతున్నాడు. పక్కన కూర్చున్న ముసలాయన మాత్రం చెప్పులు విడిచి, అరికాళ్లు కింది రేకుకు ఆనించాడు.

"ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పోనీప్పా," అన్నాడు కాసేపటికి.

ఎందుకో చెప్పలేదు. గంగాధర విసుక్కుంటూనే ఆపాడు. ఇంజను చప్పుడు పోయింది గానీ వణుకు పోలేదు.

"ఇంజనుది కాదు, షాఫ్టుది. బండి కదిలేటప్పుడు కింద టక్కుమంటాది గదా?"

అంటోంది, నెల రోజులుగా. వెనక చక్రాలను తిప్పే షాఫ్టుకు ముందువైపు కీలులా ఉండే క్రాసు అరిగిందని మెకానిక్ జయరాముడు మొన్ననే కొత్తది వేశాడు. ఇంకా ఈ వణుకేమిటంటే, కొత్తది సర్దుకునేదాకా అంతేనన్నాడు.

ముసలాయన కారు ఆపించి, పంచె ఎగగట్టి కిందికి దూరాడు. కుడిచేతికి నాలుగే వేళ్లు. వాటితోనే షాఫ్టును అటూ ఇటూ ఆడించి చూశాడు. తర్వాత పాకుతూ బయటికి వచ్చాడు.

"ఎవురు చేసినారీ పని?"

"మా జయరాముడు. నాకు తమ్ముని లెక్క."

"పాత క్రాసే కడిగి, గ్రీసు పూసి పెట్టినాడు. విరుగుతాది. ఈ బండి యాడికీ తీయొద్దు."

గంగాధరకు ఒళ్లు మండింది. ఎల్లుండి చెల్లెలు ఈశ్వరిని బుక్కపట్నం నుంచి హిందూపురం ఆసుపత్రికి కాన్పుకు తేవాలి. ఆ సంగతి చెప్పి మరీ జయరాముడి చేత పని చేయించుకున్నాడు. దారినపోయే ముసలాయన వచ్చి వాణ్ణి దొంగ అంటాడా?

"అమరాపురంలో ఉండే వాళ్ల నాయన మీద ఒట్టు పెట్టినాడు, కొత్తదేనని. ఇంకేం కావల్ల?"

ముసలాయన చేతులు తుడుచుకుంటూ నేలవైపు చూశాడు.

"ఆ ఒట్టు నమ్మొద్దప్పా."

గంగాధర ఆయన్ను పెనుకొండలో దింపి, ఇంకెప్పుడూ నా కారు ఎక్కొద్దన్నాడు.

సాయంత్రం షెడ్డులో ఇదంతా చెబితే జయరాముడు పడీపడీ నవ్వాడు. నాలుగు వేళ్లు అన్నప్పుడు మాత్రం వాడి ముఖం మాడిపోయింది. గంగాధర అది చూశాడు, కానీ పట్టించుకోలేదు.

మూడోనాడు ఈశ్వరిని తేవడానికి పోతుంటే, పెనుకొండ దాటగానే క్రాసు విరిగి షాఫ్టు రోడ్డు మీద పడింది. కారులో తనొక్కడే. అవతల బుక్కపట్నంలో ఈశ్వరికి నొప్పులు మొదలయ్యాయి. చివరికి ఎద్దులబండిలో దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చేసరికి బిడ్డ దక్కలేదు.

నాలుగు రోజుల తర్వాత విరిగిన క్రాసును తువ్వాలులో కట్టుకుని గంగాధర షెడ్డుకు వచ్చాడు. ఒకే కంచంలో తిన్న మనిషి. కొట్టాలో, ఏడవాలో తెలియడం లేదు. తలుపుకు తాళం వేసి ఉంది.

పక్క టీ అంగడి తిప్పమ్మ పిలిచి, కాగితం పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. విప్పితే లోపల తళతళలాడే కొత్త క్రాసు.

"నీకియ్యమని ఇచ్చిపోయి ఐదారు దినాలాయ. నువ్వు ఈ పక్కకే రాకపోతివి."

"ఎవురు?"

"నాలుగు వేళ్ల ముసలాయన. ఆ పొద్దు షెడ్డులో పెద్ద కొట్లాట. కండ్లు తుడుచుకుంటా అమరాపురం బస్సెక్కినాడు. జయరాముని నాయనప్పా, నీకు తెలీదా?"