రెండు సింథసైజర్లు

దోస్తు వీరేందర్ ఇచ్చిన రెండింట్లో, టెక్నో సంగీతానికీ ఆంబియంట్ సంగీతానికీ కలిపి ధీరజ్ ఒక్క సింథసైజరే ఉంచుకోవాలి. రెండోది పొద్దున రైలుకే అతనికి తిరిగివ్వాలి. దీపాలు పెట్టే వేళ దాటినా రెండూ మార్చి మార్చి వాయిస్తున్నాడే గానీ ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేదు.

“ఏదో ఒకటి పట్టుకోరాదుర, తల పగులుతున్నది!” అంది అక్క సంధ్య.

అంతలో కరెంటు పోయింది. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు, జనగామంతా చీకటి. ఆ చీకట్లో సావుడప్పు మొదలైంది.

శవం దాటిపోయాక వాకిట్లో చల్లుదామని అవ్వ చెంబెడు నీళ్లతో నిలబడింది. ఎంతకూ డప్పు దాటిపోదు.

“బజార్ల ఎవ్వలు లేరు బిడ్డా,” అంది అవ్వ.

“నీ మిషను బంద్ చెయ్‌రా!” విసుక్కుంది సంధ్య.

“కరెంటే లేదు, రెండింటి వైర్లు గూడ ఎప్పుడో పీకేసిన గదక్కా.”

సంధ్య గొంతు తగ్గింది. “రెండూ ఇచ్చేద్దాం తమ్మీ.”

డప్పు గడప దాటి లోపలికొచ్చింది.